కుడివైపు జేబులు

"నాలుగింటికి జీపొస్తుంది బావా. నాలుగూ ఐదుకి ముసలాయన అందులో ఉంటాడు. ఈలోగా నువ్వు చూడాల్సిందేదో చూసుకుని, ఇంటికెళ్లి అక్కకి కూరలు తరిగిపెట్టు," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

గోడ గడియారం మూడూ ఏడు చూపిస్తోంది. అంటే యాభై మూడు నిమిషాలు. ప్రూఫు చెప్పులు గుమ్మం బయటే విడిచి పుస్తకాల షాపులోకి వచ్చాడు. లోపలంతా కొత్త పాలిష్ వాసన. పని ఇంకా పచ్చిమీద ఉందని చెప్పులతో ఎవర్నీ రానివ్వడం లేదు. ఇన్‌స్పెక్టరు కూడా బూట్లు విప్పి మేజోళ్లతో నిలబడ్డాడు. ఒక మేజోడుకి బొటనవేలి దగ్గర చిల్లుంది. అందుకే కాబోలు, గొంతు మామూలుకన్నా పెద్దది చేశాడు.

ప్రూఫు అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. పన్నెండేళ్లు ఒక పత్రికలో ప్రూఫు రీడరుగా చేసి, ఆ తర్వాత ప్రైవేటు డిటెక్టివ్ అని బోర్డు కట్టుకున్నాడు గనక, స్టేషన్లో అందరూ అలాగే పిలుస్తారు. ఇన్‌స్పెక్టరు అతని భార్యకు స్వయానా తమ్ముడు. ఆదివారాలు ఇద్దరూ ఒకే మంచం మీద కూర్చుని పేకాడుకుంటారు. కేసు దగ్గర మాత్రం ఉప్పూ నిప్పూ.

"మొదటినుంచీ చెప్పు," అంటూ ప్రూఫు అటూ ఇటూ నడవడం మొదలుపెట్టాడు.

"కాలుగాలిన పిల్లిలా తిరక్కుండా ఉంటే చెబుతా."

"తిరిగితేనే నాకు వినబడుతుంది. కానీ."

ఇన్‌స్పెక్టరు వేళ్లు మడుస్తూ చెప్పుకొచ్చాడు. ముప్పై ఎనిమిదేళ్ల కిందట మూతబడ్డ షాపు ఇది. ఒకప్పుడు ఊళ్లో కలం పట్టినవాళ్లందరూ ఇక్కడే చేరేవారు. పెద్దాయన అని అందరూ పిలుచుకున్న నవలాకారుడు తన ఆఖరి నవలకి ఇక్కడే ప్రాణం పోశాడు. మూసేశాక షాపు బస్తాల గోదాం అయింది, అలమర్లు చెదల పాలయ్యాయి. అప్పట్లో రెండేళ్ల పిల్లగా ఉన్న యజమాని కూతురు, ఇప్పుడు దొరికిన ఒకే ఒక్క పాత ఫొటో పట్టుకుని, రెండేళ్లు నానా తంటాలూ పడి, షాపుని ఉన్నది ఉన్నట్టు మళ్లీ నిలబెట్టింది. సాయంత్రం ఐదింటికి ప్రారంభోత్సవం. అటక మీది రేకు పెట్టెలో దొరికిన ఆఖరి నవల రాతప్రతిని బాగుచేయించి, పన్నెండూ యాభై ఐదుకి అద్దాల పెట్టెలో పెట్టి తాళం వేసింది. ఒంటిగంటకి వడ్రంగులు భోజనానికి పోయారు. ఒంటిగంటా పదికి ఆవిడ అద్దె కుర్చీలవాణ్ణి తొందరపెట్టడానికి వెళ్లి, ఒంటిగంటా నలభై ఐదుకి తిరిగొచ్చింది. పెట్టె తాళం వేసినట్టే ఉంది. లోపల పుస్తకం లేదు.

"ఆ ముప్పై ఐదు నిమిషాలూ లోపలున్నది ఒక్కడే. బైండరు. ఈ షాపులో పాత మనిషి. ఆ ప్రతిని కుట్టిందీ ఆయనే, రెండో తాళంచెవీ ఆయన దగ్గరే. వెనక తలుపుకి లోపల్నుంచి గడియ. ముందు గుమ్మంలో వాచ్‌మన్. ఎవరూ రాలేదు, ఎవరూ పోలేదు. ఇంక నువ్వు దిద్దడానికి ఏం మిగిలింది?"

"పుస్తకం మిగిలింది. ఎవరూ బయటికి పోలేదంటే పుస్తకమూ పోలేదుగా. ఏదీ?"

ఇన్‌స్పెక్టరు మొహం చిన్నబోయింది. "గంటపైనే వెతికాం. అటక, గదులు, ఆయన సంచీ, ఆఖరికి జిగురు డబ్బా కూడా వదల్లేదు. ఎక్కడ పెట్టాడో స్టేషన్లో చెబుతాడులే."

బైండరు వెనక గదిలో స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. డెబ్బై మూడేళ్ల మనిషి. గోళ్లలో ఎండిన మైదా జిగురు. యజమానురాలు పక్కనే నిలబడింది. మా బాబాయ్ తీశాడంటే నేను నమ్మను అని ఫోన్ చేసి ప్రూఫుని పిలిపించింది ఆవిడే. ఇప్పుడు ఆ నమ్మకం మొహంలో సగమే మిగిలింది.

"ఒంటిగంటా పదినుంచి ఏం చేశారు?" ప్రూఫు అడిగాడు.

"కూర్చున్నాను."

"ఎక్కడ?"

"నేలమీద."

"స్టూలుండగా నేలమీద ఎందుకు?"

ముసలాయన గోళ్లలోని జిగురు గిల్లుకున్నాడు.

"పుస్తకం మీరు తీశారా?"

"తీయలేదని చెప్పను."

"బాబాయ్!" అంది యజమానురాలు.

"తీశాననీ చెప్పను తల్లీ. నన్ను వీళ్లతో పోనీ. సాయంత్రం నీ పని నువ్వు చక్కగా జరుపుకో."

ప్రూఫు చూపు ఆయన మొహం మీద లేదు. తెల్ల ప్యాంటుకి మోకాళ్ల దగ్గర రెండు గోధుమరంగు మరకలున్నాయి. వంగి వేలితో తాకాడు. వేలికి అంటుకుంది.

"అలమర్లకి పాలిష్ ఎప్పుడు వేయించారమ్మా?"

"ఎడమవైపు వాటికి ఐదు రోజులైంది, ఆరిపోయింది. కుడివైపువి నిన్న మధ్యాహ్నమే వేశారు. ఇంకా అంటుకుంటోంది."

"అద్దాల పెట్టె ఎటుంది?"

"ఎడమవైపు. పెద్దాయన మూల అటే కదండీ."

ముసలాయన రెండు అరచేతులతోనూ మోకాళ్లు మూసుకున్నాడు. దొంగతనం ఎడమవైపు జరిగితే ఈయన మోకరిల్లింది కుడివైపన్నమాట. ప్రూఫు స్టూలు దగ్గర గొంతుక్కూర్చున్నాడు. ఆ మనిషి మీద ఎందుకో కోపం రాలేదు.

"ఎవరికి భయపడుతున్నారు పెద్దయ్యా?"

"ఈ వయసులో భయమేంటి బాబూ? నిజం చెప్పడానికీ ఒక వేళుంటుంది. అది దాటిపోతే ఇక నోరు రాదు."

మూడూ ఇరవై రెండు.

ముందు హాల్లో, ఎడమవైపు మూల, పెద్దాయన రాతబల్ల పక్కన ముఖ్య అతిథి నిలబడి ఉన్నాడు. తెల్ల లాల్చీ, తల దువ్వుకున్న తీరు చూస్తే అప్పుడే ఫొటోకి సిద్ధమైనట్టుంది. పెద్దాయన ప్రియశిష్యుడు. చివరి రోజుల్లో పెద్దాయనకి కళ్లు సరిగా కనిపించక నోటితో చెబుతుంటే, ఆఖరి నవల మొత్తం రాసిపెట్టిన చెయ్యి తనదేనని ముప్పై ఏళ్లుగా సభల్లో చెబుతున్నాడు. ఆయనకి జరిగిన సన్మానాలన్నీ ఆ ఒక్క మాటమీదే.

"ఆ రాతప్రతి నా దస్తూరీయే," అన్నాడు. "సాయంత్రం సభలో అమ్మాయి దాన్ని నాకు అప్పగించాలి. ఆ ముసలాడు నా ప్రాణం పట్టుకుపోయాడయ్యా."

"యజమానురాలి దగ్గరున్న పెద్దాయన పాత ఉత్తరాల్లో దస్తూరీ కూడా అలాగే ఉందటగా?"

"గురువు రాత శిష్యుడికి అబ్బదా ఏంటి?"

"మీరెక్కడ కూర్చునేవారు?"

"ఇక్కడే. ఆయన ఈ కుర్చీలో, నేను ఈ పక్కన. కిటికీ ఆయనకి ఎడంచేతి వైపు. మూడేళ్లు! కళ్లు మూసుకున్నా ఈ మూల కనిపిస్తుంది నాకు. పోయిన వారం ఇన్నేళ్లకి మళ్లీ వచ్చినప్పుడు ఇక్కడే నిలబడి ఏడ్చేశాను. కావాలంటే అమ్మాయిని అడగండి."

బల్లపైన గోడకి పాత ఫొటో, తలుపంత చేయించి తగిలించారు. గుమ్మంలో నిలబడి తీసింది. ఎడమవైపు బల్ల దగ్గర పెద్దాయన, రెండు చేతులూ గడ్డం కింద పెట్టుకుని. మధ్యలో షాపు యజమాని. కుడివైపు సుత్తి పట్టుకుని వయసులో ఉన్న బైండరు. ఒక అంచున ఎవరిదో భుజం, మసగ్గా.

"మీరు లేరే ఇందులో?"

"అదిగో, ఆ భుజం నాదే," అన్నాడు శిష్యుడు. "పత్రికలో వస్తే కత్తిరించి దాచుకున్నాను. అమ్మాయికి ఇచ్చింది నేనే. నేను లేకపోతే ఈ షాపే లేదు."

ముప్పై ఏళ్లుగా మనిషి ఆ భుజం మీదే బతుకుతున్నాడన్నమాట అనుకున్నాడు ప్రూఫు. పైకి మాత్రం దణ్ణం పెట్టాడు. విలేకరులు వచ్చారని ఎవరో చెప్పగానే శిష్యుడు లాల్చీ సర్దుకుని బయట టెంటులోకి వెళ్లాడు.

మూడూ ముప్పై మూడు. ప్రూఫు హాల్లో పడి తిరగసాగాడు. గుమ్మం నుంచి గడియారం దాకా, గడియారం నుంచి గుమ్మం దాకా. ఫొటోలో ఏదో ఉంది. కంట్లో నలుసులా గుచ్చుతోంది గానీ చిక్కడం లేదు. ఈ ఫొటో అతను ఎక్కడో చూశాడు. ఎక్కడ? అడుగులు వేగం పుంజుకున్నాయి. వడ్రంగి ఒకడు పక్కకి తప్పుకున్నాడు.

కుడిగోడ దగ్గర మలుపు తిరుగుతుంటే కాలికి నేల తేడాగా తగిలింది. ఆగాడు. వెనక్కి వచ్చి మళ్లీ అదే చోట అడుగేశాడు. నేల పాతదే, అవే బండలు ఉంచారు. అలమర అంచు దగ్గర బండలో చిన్న గుంట. జానెడు దూరంలో ఇంకోటి. రెండూ మడమ పట్టేంత, అద్దంలా నునుపు. ఏళ్ల తరబడి ఒకే మనిషి ఒకే కుర్చీలో కూర్చుని మడమలు రాస్తే తప్ప రాయి అలా అరగదు.

గబగబా ఎడమ మూలకి వెళ్లి పెద్దాయన బల్ల కింద దూరాడు. అరచేత్తో తడిమాడు. గరుకు. బండ పరిచిన రోజున ఎలా ఉందో ఇప్పుడూ అలాగే ఉంది. ఇక్కడ ఒక నవల పుట్టిందన్న సంగతి ఆ రాతికి తెలియనే తెలియదు.

బల్ల కిందనుంచే తలెత్తి ఫొటో చూశాడు. అప్పుడు దొరికింది నలుసు.

పెద్దాయన చొక్కా జేబు కుడి రొమ్ము మీదుంది. యజమాని జేబూ కుడివైపే. బైండరుదీ కుడివైపే. ప్రూఫు తన చొక్కా తడుముకున్నాడు. జేబు ఎడమవైపుంది. ఇన్‌స్పెక్టరుని చూశాడు గానీ లాభం లేదు, యూనిఫారానికి రెండు వైపులా ఉంటాయి. వడ్రంగిని చూశాడు. ఎడమవైపు.

ముగ్గురు మగవాళ్లు ఒకే రోజు జేబు తప్పు కుట్టిన చొక్కాలు తొడుక్కోరు. ఫొటోయే కుడి ఎడమై తిరగబడింది.

ఆ తర్వాత జ్ఞాపకం దానంతటదే వచ్చి నెత్తిమీద కూర్చుంది. పెద్దాయన వర్ధంతి సంచిక. పదిహేడో పేజీ. ఫొటో కింద ఒక్క వరుస: ఎడమ నుంచి బైండరు, షాపు యజమాని, నవలాకారుడు. ఆ వరుసలో ప్రతి అక్షరం, ప్రతి కామా చూసి, అంచున టిక్కు పెట్టింది తనే. ఉద్యోగంలో చేరిన కొత్త. ప్రెస్సులో ఎవరో నెగెటివు తిరగేసి పెట్టారు. అక్షరాలు చూశాడు, బొమ్మ చూడలేదు. బొమ్మ చూడటం ప్రూఫు రీడరు పని కాదని అప్పట్లో చాలా ధీమా.

ముప్పై ఏళ్ల కిందట తను పెట్టిన టిక్కు మీద ఈవిడ ఒక షాపు కట్టుకుంది.

"బావా, బల్లకింద నిద్రపోయావా? జీపొచ్చేసింది." మూడూ నలభై తొమ్మిది. ఇన్‌స్పెక్టరు బైండరు జబ్బ పట్టుకుని హాల్లోకి తీసుకొస్తున్నాడు. వెనకే యజమానురాలు, కళ్లు తుడుచుకుంటూ.

"ఇంకా పదకొండు నిమిషాలుంది. ఆగు."

"ఎందుకాగాలి? ముసలాయనే పదమంటున్నాడు. కందకు లేని దురద కత్తిపీటకెందుకు? ఇంట్లో నువ్వు బావవి. ఇక్కడ దారినపోయే దానయ్యవి."

"పుస్తకం చేతిలో పెడితే?"

"పెట్టు. దాచాడని రుజువైపోతుంది. నా పని ఇంకా సులువు."

ఆ మాట నిజమే. పుస్తకం దొరక్కపోతే ముసలాయన మీద అనుమానం మాత్రమే, దొరికితే సాక్ష్యం. ముసలాయన కళ్లతోనే వద్దు వద్దంటున్నాడు. అయినా ప్రూఫు వెళ్లి కుడిగోడ అలమర ముందు, గుంటల పక్కన కూర్చున్నాడు. అడుగు పలక మీది పాలిష్‌లో రెండు మోకాళ్ల అచ్చులు స్పష్టంగా ఉన్నాయి. పలకకి రెండే మరలు. రెండింటి గాడీలూ కొత్తగా మెరుస్తున్నాయి.

"అట్టలు కోసే కత్తి ఇలా ఇవ్వండి పెద్దయ్యా."

మరలు ఊడాయి. పలక వెనక పాత గోడలో మూరెడు లోతు గూడు. గూట్లో బట్టలో చుట్టిన కట్ట. ప్రూఫు దాన్ని రెండు చేతులతో తీసి యజమానురాలి చేతిలో పెట్టాడు.

"చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికాం సార్," అన్నాడు కానిస్టేబులు. ఇన్‌స్పెక్టరు వాణ్ణి గుర్రుగా చూశాడు.

యజమానురాలు కట్ట గుండెకి హత్తుకుంది. తర్వాత గూడు వైపు చూసింది. "ఇక్కడో గూడుంటే పలక కొట్టేశామని వడ్రంగులు చెప్పారు. దీని సంగతి నీకెలా తెలుసు బాబాయ్?"

ముసలాయన బండలోని గుంటలకేసి చూశాడు. ప్రూఫే చెప్పాడు. "అది పెద్దాయన గూడమ్మా. రాసిన కాగితాలు చేతికందేలా అందులో పెట్టుకునుంటారు. ఆయన కూర్చున్నది ఇక్కడే. ఈ గుంటలు ఆయన మడమలవి. మీకు దొరికిన ఫొటో తిరగబడి అచ్చయింది. జేబులు చూడండి."

ఆవిడ చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత బల్లని, అలమర్లని, గడియారాన్ని, ఒక్కొక్కదాన్నీ కొత్తవాళ్ల ఇంట్లో చూస్తున్నట్టు చూసింది.

"మొత్తమా?"

"మొత్తం."

"రెండేళ్లు..." అంది.

ముసలాయన అప్పుడు నోరు విప్పాడు. "పుస్తకం కుట్టడానికి నన్ను పిలిపించేసరికే మూల కట్టేశావు తల్లీ. చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి, అచ్చం అలాగే ఉంది కదా బాబాయ్ అన్నావు. నీ కళ్లల్లో మీ నాన్న కనిపించాడు. అచ్చం అలాగే ఉందమ్మా అనేశాను. ఆ ఒక్క మాటతో నా నోరు నేనే కుట్టేసుకున్నాను. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకుంటూనే మూడు నెలలు గడిచిపోయాయి."

"మరి పుస్తకం ఎందుకు తీశావు?" ఇన్‌స్పెక్టరు గద్దించాడు.

"ఆ శిష్యుడికి ఇచ్చేస్తానంది కదయ్యా. నేను వెనక గదిలో కుట్టుకునేవాణ్ణి, ముందుకి వచ్చేపోయేవాళ్ల మొహాలు నాకేం తెలుసు? ఇక్కడికి వచ్చే ఉంటాడనుకున్నా. పోయిన వారం ఆయనొచ్చి ఆ మూలలో నిలబడి ఏడ్చాడు. లేని మూలలో! అప్పుడర్థమైంది, ఈయన ఒక్క రోజు కూడా ఇక్కడ కూర్చోలేదని. ఆ రాత పెద్దాయనదే. చేతికందితే ఆ కాగితాలు మళ్లీ వెలుగు చూడవు. ఆయనది అబద్ధమంటే మూల తప్పని చెప్పాలి. మూల తప్పని చెబితే ఈ పిల్ల ఏమైపోవాలి? సభ అయ్యేదాకా దాచిపెడదామనుకున్నా. అంతే."

"ఫొటో కింద ముగ్గురి వివరమే ఉండేది," అన్నాడు ప్రూఫు. "నాలుగో మనిషి ఊసు లేదు. అందుకే కింది వరుస కత్తిరించి మీకిచ్చాడు. ఆ వరుస ఉండి ఉంటే ఫొటో తిరగబడిందని మీరే కనిపెట్టేవారు." మళ్లీ ఫొటో వైపు తిరిగాడు. "ఇంకోటి కూడా చెప్పాలమ్మా. ఆ పేజీ దిద్దింది నేను. తప్పు నాది. మీ దగ్గర ఫీజు పుచ్చుకునే మొహం లేదు నాకు."

గడియారం నాలుగు కొట్టింది. ఇన్‌స్పెక్టరు జేబులోంచి బేడీలు తీసి, చూసి, మళ్లీ లోపల పెట్టుకున్నాడు.

"ఇదంతా మీ ముగ్గురి మాట. ఫిర్యాదిచ్చింది ఆయన, ఆయనకి ఊరంతా చప్పట్లు కొడుతుంది. మూల తప్పని మేడమ్ నలుగురిలో చెబితే తప్ప దీనికి విలువ లేదు బావా. జీపు ఐదుదాకా ఆగుతుంది. ఆపైన ఆగదు."

యజమానురాలు ముసలాయన పక్కన, ఆ అరిగిన బండ మీద కూలబడింది. గుంటలో అరచెయ్యి పెట్టి చూసుకుంది.

ఐదింటికి హాలు నిండిపోయింది. అరవై కుర్చీలు, గోడల వెంట నిలబడ్డవాళ్లు, కెమెరాలు. వచ్చినవాళ్లందరూ అబ్బ, అచ్చం అలాగే ఉందే అనుకుంటున్నారు. ప్రతిసారీ ఆవిడ ఉలిక్కిపడటం ప్రూఫు చూస్తూనే ఉన్నాడు. ఆవిడ నోరు విప్పకపోతే బయట జీపుంది. విప్పితే ఈ షాపు రేపట్నుంచీ నవ్వులపాలు. తలుపు దగ్గర అతను ఒక కాలిమీంచి ఇంకో కాలిమీదికి బరువు మార్చుకుంటూ నిలబడ్డాడు.

ఆవిడ మైకు ముందుకొచ్చింది. చేతిలో బట్ట విప్పిన కట్ట. "రాతప్రతి దొరికింది," అంది. చప్పట్లు మోగాయి. శిష్యుడు ముందు వరుసలోంచి లేచి రెండు చేతులూ చాచాడు.

"ఇచ్చేముందు ఒక్కటి చూపించండి సార్. మీరూ, ఆయనా ఎక్కడ కూర్చునేవారు? అందరూ చూడాలి."

శిష్యుడు నవ్వుతూ ఎడమ మూలకి నడిచాడు. బల్లమీద అరచెయ్యి ఆనించాడు. కెమెరాలు మెరిశాయి. "ఇక్కడే తల్లీ. సరిగ్గా ఇక్కడే. మూడేళ్లు."

ఆవిడ బైండరు వైపు ఒకసారి చూసింది. "ఆ మూల నేను కట్టించింది సార్. ఆరు నెలల కిందట. మీరిచ్చిన ఫొటో తిరగేసి అచ్చయింది. దాన్ని నమ్మి షాపంతా తప్పు వైపు కట్టుకున్నాను. పెద్దాయన అదిగో, ఆ కుడిగోడ దగ్గర కూర్చునేవారు. బండ అరిగిపోయి ఉంది, ఎవరైనా వెళ్లి చూడొచ్చు. నేనప్పుడు చిన్నపిల్లని, నాకు తెలియలేదు. మూడేళ్లు కూర్చున్న మీకెందుకు తెలియలేదు సార్?"

తలుపు దగ్గర ప్రూఫు కాళ్లు ఇక ఆగాయి. ఇన్‌స్పెక్టరు జీపు డ్రైవరుకి వెళ్లిపొమ్మని చేత్తో సైగ చేశాడు.

అరవై మంది తలలు కుడిగోడ వైపు తిరిగి, మళ్లీ ఎడమ మూలకి తిరిగాయి. ఎవరూ శిష్యుణ్ణి దొంగ అనలేదు. ఆయన చెయ్యే నెమ్మదిగా బల్లమీంచి లేచి, పోయి భుజం తడుముకుంది.